జానెడు పట్టీ

మా మెట్ల కింది జిప్పులాయన గురించి చెప్పాలంటే ముందు ఆయన కూర్చునే చోటు గురించి చెప్పాలి. నా జిరాక్స్ షాపుని ఆనుకుని పై అంతస్తుకి వెళ్లే మెట్లున్నాయి. వాటి కింద మనిషి నిలబడితే తల తగిలేంత జాగా ఒకటుంది. ఇంటి ఓనరు చీపుళ్లు, బకెట్లు పెట్టుకోవడానికి వదిలిన చోటది. అందులో ఒక కుట్టుమిషను, ఒక స్టూలు పెట్టుకుని, గోడకి మేకులు కొట్టి వాటికి పాత జిప్పులు, బకిల్స్, బ్యాగు చక్రాలు తగిలించుకుని పదహారేళ్లుగా బతుకుతున్నాడాయన. లేచినప్పుడల్లా తల వంచి లేవాలి. కొత్తలో రోజుకి రెండుసార్లైనా మెట్టు తగిలేది. "ఒక హెల్మెట్ కొనుక్కో అబ్బాయ్" అని నేనే నవ్వేవాణ్ణి. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నా నాలుక నేనే కొరుక్కోవాలనిపిస్తుంది.

ఆయనకీ ఒక పేరుంది. ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. బిగుసుకుపోయిన జిప్పు పట్టుకుని ఎవరైనా వస్తే, "జిప్పు పోలేదమ్మా, కాస్త అలిగింది, అంతే" అని కొవ్వొత్తి ముక్కతో నాలుగుసార్లు రుద్ది, పైకీ కిందికీ లాగి, చేతిలో పెట్టేసేవాడు. దానికేమీ పుచ్చుకునేవాడు కాడు. కుట్టి ఇస్తారా అంటే కుట్టి ఇస్తాను, ఇవాళే కావాలంటే ఇవాళే. కాదు అనే మాట ఆయన నోట్లో పుట్టలేదు. మొహమాటానికి పోతే ఏదో అయిందని మనవాళ్లు ఒక మోటు సామెత చెబుతారు. అది ఆడవాళ్ల మీద కట్టిన సామెతే గానీ, సరిగ్గా అతికింది మాత్రం ఈయనకే.

ఇంకో గుర్తు కూడా ఉంది. ఆయన ఏది కుట్టినా చిలకాకుపచ్చ దారంతోనే కుడతాడు. కుర్రతనంలో పనిచేసిన బ్యాగుల ఫ్యాక్టరీ మూతపడినప్పుడు ఆ రంగు ఎవరికీ వద్దని అటకమీద పడేసిన దారం కండెలు రెండు పెట్టెలు తెచ్చుకున్నాడట. నైలాను దారం, ఏనుగుని కట్టినా తెగదు. నల్ల బ్యాగైనా, ఎర్ర బ్యాగైనా, పెళ్లికూతురి సూట్‌కేసైనా ఆకుపచ్చ కుట్టే. ఎవరైనా మొహం చిట్లిస్తే, "తప్పిపోతే గుర్తుపట్టడానికి పనికొస్తుందిలెండి" అనేవాడు.

ఆయన భార్య మధ్యాహ్నం క్యారియరు తెచ్చి, ఆయన తిన్నంతసేపూ స్టూలు పక్కన చాప వేసుకుని కత్తిరింపుల పని చూసేది. ఆవిడ తమ్ముడు, అంటే ఈయన బావమరిది, బండికి అటు రెండు ఇటు రెండు తాగునీళ్ల క్యాన్లు కట్టుకుని ఆఫీసులకి వేస్తుండేవాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. అక్క మొగుణ్ణి బావా అని పిలిచీ పిలిచీ ఆ నోటికి అదే అలవాటైపోయి, వీధిలో అందరినీ బావా అనేవాడు. నాకు అరవై దగ్గరపడుతున్నాయి, అయినా "ఏం బావగారూ, ఇంకు నింపారా, నీళ్లు నింపనా" అనేవాడు. అలా మా వీధి మొత్తానికీ వాడు బావమరిదే.

ఆ ఏడు ఎండలు ముదిరే వేళకి చట్టం వచ్చింది. బండి నడిపే ప్రతివాడి నెత్తినా హెల్మెట్ ఉండాలి, లేకపోతే జరిమానా.

నాకు ఒళ్లు మండిపోయింది. నేను బండెక్కి ముప్పై ఏళ్లు. ఏనాడూ కింద పడలేదు. ముందు రోడ్డు మీద గుంటలు పూడ్చి, తరవాత మా బుర్రల సంగతి చూడొచ్చు కదా. ఎండలో ఆ కుండ బోర్లించుకుంటే చెమటకి కళ్లు కనపడవు, వెనక హారను వినపడదు, మెడ పట్టేస్తుంది. అయినా తల నాది. పగిలితే నాది పగులుతుంది, ప్రభుత్వానిది కాదు. ఇదంతా ఒక అర్జీగా రాశాను. పైన పెద్దక్షరాలతో "నా తల నా ఇష్టం" అని పెట్టి, నా మిషను మీదే కాపీలు తీసి ఊరంతా పంచాను, ఉచితంగా. నా మిషనుకి ఒక జబ్బుంది, ప్రతి కాగితానికీ ఎడమ అంచున సన్నటి నల్లగీత పడుతుంది. ఆ గీతతో సహా పంచాను. మొదటి సంతకం నాది, రెండోది బావమరిదిది. "బావగారూ, నా జుట్టు చూసి పిల్లనిస్తామన్నారు, అది కాస్తా ఊడితే ఎవరిస్తారు" అంటూ పెట్టాడు. జిప్పులాయన కూడా పెట్టాడు. అడిగాను, కాదనలేదు. సంతకాలు నిండాక ఆ కాగితాలన్నీ రవాణా ఆఫీసుకి పంపాను.

మా కూడలిలో డ్యూటీ చేసే కానిస్టేబులమ్మ ఒకావిడ ఉంది. కాగితాలేవో జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చి, బల్లమీది అర్జీ చదివింది. "తల మీదే సార్, కాదనను. కానీ పగిలాక రోడ్డు మీంచి ఎత్తేది మేం కదా" అంది. నేనేదో వెటకారంగా అన్నాను. ఆవిడ నవ్వేసి వెళ్లిపోయింది.

అర్జీ అర్జీయే, జరిమానా జరిమానాయే. అందరం హెల్మెట్లు కొన్నాం, రోడ్డు పక్క గోనెపట్టా మీద కుప్ప పోసి అమ్మేవి. వాటి గడ్డం కింది బకిల్ వారం తిరక్కుండా ఊడి చేతికొచ్చేది. జనం జిప్పులాయన దగ్గరికి పరిగెత్తారు. ఆయన పాత ట్రెక్కింగు బ్యాగుల బకిల్స్ కోసి, లోపలి నుంచి రెండు వరసలు కుట్టి, పట్టుకుని గట్టిగా లాగి చూసి ఇచ్చేవాడు. ఒక్కోదానికి అరగంట పట్టేది. పని మాత్రం ఇనుమే.

ఇక్కడ నేను దిగాను. ఈ కథలో ఇది నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు, ఎందుకంటే ఆయన ఈనాటికీ ఎవరితోనూ అనలేదు.

నా వేళ్లకి కీళ్లవాతం. షాపు దగ్గర, బ్యాంకు దగ్గర, కూరల దగ్గర ఆ బకిల్ నొక్కి తీయడం, మళ్లీ గుచ్చడం నాకు పెద్ద శిక్షగా ఉండేది. ఒకరోజు హెల్మెట్ తీసుకెళ్లి ఆయన మిషను మీద పెట్టి, మేకుకి వేలాడుతున్న చర్రుపట్టీ చూపించాను. స్కూలు సంచుల మూతలకి వేస్తారే, ఒకవైపు గరుకు, ఒకవైపు నూగు, నొక్కితే అతుక్కుంటుంది, లాగితే చర్రుమని ఊడుతుంది, అది.

"దీనికిది వేసిపెట్టు అబ్బాయ్" అన్నాను.

ఆయన పట్టీని వేళ్లమధ్య పెట్టి రెండుసార్లు అతికించి పీకాడు. "బాబాయ్, ఇది టిఫిను సంచులకండీ. బరువు ఆపదు" అన్నాడు.

"బరువెక్కడుందయ్యా ఇందులో? మనం పెట్టుకునేది కానిస్టేబులమ్మ చూడ్డానికి. కూడలి దాటితే చాలు."

ఆయన ఇంకోసారి పట్టీ వంక చూశాడు. తరవాత కుట్టేశాడు. పది నిమిషాలు పట్టింది.

అంతే, అంటుకుంది. నా తల చూసి పక్క మందుల షాపతను, అతన్ని చూసి బ్యాంకు గుమాస్తాలు. ఒక చేత్తో చర్రుమనిపిస్తే వచ్చేసేది, మళ్లీ అదిమితే అతుక్కునేది. జనం ఆయన్ని మహా మేధావి అన్నారు. మిషను ముందు బండ్ల వరస నా షాపు దాటి వెళ్లేది. సిగ్నలు దాటగానే చర్రు, చర్రు అని చప్పుళ్లు వినపడేవి, అందరూ ఒకేసారి గుడ్డ చింపినట్టు. ఆయన భార్య చాపమీద కూర్చుని ఆ పట్టీలు కోసేది. టేపు ఎందుకని జానతో కొలిచేది, తలకి జానెడు చొప్పున. ఎన్ని కోసిందో ఆవిడకీ తెలియదు, ఎన్ని కుట్టాడో ఆయనకీ తెలియదు. మూడు నెలలు అదే పని.

బావమరిది తన హెల్మెట్ తెచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. వాడిది పెద్ద తల, పైగా జుట్టొకటి. జానెడు పట్టీ గడ్డం చేరలేదు.

"అక్కా, మీ ఆయనతో చెప్పు, మామూలు తల కాదు ఇది."

"లోపల సరుకుంటే సరేగానీ, ఉత్త గుమ్మడికాయేరా అది" అని నవ్వుతూ ఆవిడ జానా బెత్తెడు కొలిచి కోసిచ్చింది. ఆయన కుట్టాడు. వాడు పెట్టుకుని, తల అటూ ఇటూ విదిలించి, "బావా, నీ చేతికి తిరుగులేదు" అంటూ క్యాన్లు కట్టుకుని వెళ్లాడు.

వాడి ప్రమాదం జరిగింది ఒకరోజు పొద్దున పదకొండు గంటలకి. వేగమేం లేదు. నాలుగు నిండు క్యాన్లున్న బండి ఎంత వేగం పోతుంది. స్కూలు గోడ మలుపులో కుక్క అడ్డొస్తే బ్రేకు వేశాడు. ఒక పక్క క్యాను జారి బండి ఆ పక్కకి ఒరిగింది. నడిచేవాడు కాలు మడతపడి పడ్డట్టే పడ్డాడని చూసినవాళ్లు చెప్పారు. పడుతుండగానే హెల్మెట్ ఊడి అవతలికి దొర్లిపోయింది. తల వెళ్లి ఫుట్‌పాత్ అంచుకి తగిలింది. కూడలి నుంచి పరిగెత్తుకొచ్చి ఎత్తింది ఆ కానిస్టేబులమ్మే.

ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, ఎవరినీ గుర్తుపట్టకుండా. ఏడో రోజు పోయాడు. ఆ జుట్టంతా మొదటిరోజే తీసేశారు.

హెల్మెట్‌ని కానిస్టేబులమ్మ మెట్ల దగ్గరికి తెచ్చింది. దాని మీద ఒక్క గీత లేదు. నిన్న కొన్నట్టుంది. పట్టీ మాత్రం విడిపోయి వేలాడుతోంది, చిలకాకుపచ్చ కుట్టు ఒక్క పోగు కూడా చెదరలేదు. "ఇది మీరు కుట్టిందేనా" అని ఆవిడ మామూలుగానే అడిగింది. ఆయన తల ఊపాడు. "డాక్టరుగారు అన్నారు. ఇది తల మీద నిలబడుంటే భుజానికో కట్టు కట్టించుకుని ఇంటికెళ్లేవాడట" అంది. చెప్పాక, ఎందుకు చెప్పానా అన్నట్టు ఆవిడ మొహం మాడిపోయింది.

నేను నా షాపులోనే, బల్ల వెనకాలే ఉన్నాను. వినపడింది. బయటికి రాలేకపోయాను. ఆ పట్టీ ఎవరి బుర్రలో పుట్టిందో నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఆయన నా వైపు తలెత్తి చూస్తే బావుండుననీ, చూడకపోతే బావుండుననీ రెండూ అనిపించాయి. చూడలేదు.

పలకరించడానికి వాళ్లింటికి వెళ్లాను. ఒక గది, వంటకి ఒక మూల. ఆయన భార్య గోడకి ఆనుకుని కూర్చునుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నన్ను చూసి, అడక్కుండానే, "తల పెద్దదని జానా బెత్తెడు కోశాను బాబాయ్‌గారూ. పొడుగెక్కువైతే గట్టిగా పట్టుకుంటుందనుకున్నాను" అంది. చెయ్యి చాపి బొటనవేలూ చిటికినవేలూ విప్పి ఆ కొలత నాకు చూపించింది. నేనేదో అన్నాను. ఏమన్నానో నాకే గుర్తులేదు, మనిషి నోరు అలాంటప్పుడు ఊరికే ఆడుతుంది.

ఆ తరవాత పదిహేను రోజులకి ఆయన మళ్లీ పనికి వచ్చాడు. మేకులకున్న చర్రుపట్టీలన్నీ పీకి, చుట్టచుట్టి, గోతంలో కుక్కాడు. అప్పుడు నా బల్ల దగ్గరికొచ్చి ఒక కాగితం పెట్టాడు. తన చేత్తో రాసింది. "మెట్ల కింద చర్రుపట్టీ కుట్టించుకున్నవారు హెల్మెట్ తీసుకురాగలరు. అది ప్రమాదం. తీసేసి బకిల్ వేసి ఇస్తాను. ఉచితం."

"రెండొందలు తీసివ్వండి బాబాయ్" అన్నాడు. తీసిచ్చాను. ఎడమ అంచున నల్లగీతతో రెండొందల కాగితాలు. ఇద్దరం తిరిగి స్తంభాలకి, గోడలకి, పెట్రోలు బంకు దగ్గర అంటించాం.

ఎంతమంది వచ్చారంటే, వారంలో పదకొండు మంది. ఉచితం అనేసరికి ఇందులో ఏదో మతలబు ఉందని కొందరన్నారు. పాత పట్టీయే సుఖంగా ఉంది, కదపొద్దని కొందరు. ఒకాయన హెల్మెట్ తెచ్చి, "బకిల్ వద్దు. నూగు అరిగింది, కొత్త పట్టీ వెయ్యి" అన్నాడు.

"వెయ్యను" అన్నాడు జిప్పులాయన.

పదహారేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదలు. వచ్చినాయన బిత్తరపోయి, "నువ్వు కాకపోతే ఊళ్లో మిషన్లే లేవా" అని వెళ్లిపోయాడు. నిజమే, ఉన్నాయి. అప్పటికే వెనకవీధిలో ప్యాంట్లు కురచ చేసే టైలరు ఒకడు, గొడుగులు బాగుచేసేవాడు ఒకడు అదే పని పట్టుకున్నారు. ఈయన ఇద్దరి దగ్గరికీ వెళ్లి చెప్పాడు. "నీ గిరాకీ పోయిందని ఏడుపా" అన్నారట.

తరవాత రోజూ పొద్దున, సాయంత్రం కూడలిలో నిలబడ్డం మొదలుపెట్టాడు. సిగ్నలు పడగానే బండ్లమధ్య దూరేవాడు. ఆకుపచ్చ దారం ఆయనకి మాత్రం ఎంత దూరానైనా కనపడుతుంది. కనపడ్డవాడి దగ్గరికెళ్లి, గడ్డం కింద చెయ్యి పెట్టబోతూ, "బాబూ, ఇది నేనే కుట్టాను, ఆగదిది, ఒక్కసారి మెట్ల దగ్గరికి" అంటుండగానే సిగ్నలు మారిపోయేది. మీద చెయ్యి పడిందని ఒకడు తోసేశాడు. ఇంకొకాయన మొత్తం వినకుండానే జేబులోంచి చిల్లర తీసి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ చిల్లర పిడికిట్లో పట్టుకుని ఆయన రోడ్డు మధ్యన అలా ఉండిపోయాడు, వెనక హారన్లు మోగుతుంటే.

కానిస్టేబులమ్మని అడిగాడు, కనీసం మీరైనా ఆపమని. "అన్నా, నెత్తిన హెల్మెట్ ఉండాలంది చట్టం. ఉంది. పట్టీ ఎలాంటిదో అందులో రాయలేదు. ఏమని ఆపను?" అంది. ఆవిడకి మనసులేక కాదు. డ్యూటీ దిగాక రెండు రోజులు తనూ ఈయనతోపాటు నిలబడి బతిమాలింది. యూనిఫాం చూసి ఆగిన వాళ్లు, జరిమానా లేదని తెలియగానే వెళ్లిపోయారు.

అయితే చట్టంలోనే రాయిద్దాం అన్నాను నేను. నాకు అర్జీలు రాయడం చేతనవునని ఊరంతటికీ తెలుసు కదా. ఈసారి ఇంకో అర్జీ రాశాను, పట్టీ గురించి, బావమరిది గురించి. ఇద్దరం రవాణా ఆఫీసుకి వెళ్లాం. మూడు గదులు తిరిగాక ఒక గుమాస్తా చదివాడు. మర్యాదస్తుడే. మొత్తం చదివాడు.

"మంచి సూచనండీ. కానీ ఇప్పుడు దీన్ని ఎక్కడ పెట్టాలి? అసలు ఆ చట్టాన్నే ఎత్తేసే ఆలోచనలో ఉన్నారు. జనం నుంచి అర్జీ వచ్చింది, సంతకాలు చాలా ఉన్నాయి" అంటూ లావుపాటి ఫైలు విప్పి మా వైపు తిప్పాడు.

పైకాగితం మీద "నా తల నా ఇష్టం" అని ఉంది. ఎడమ అంచున నల్లగీత. మొదటి సంతకం నాది. ఆ కిందే వంకరగా, తోకతో, బావమరిదిది. ఇంకో పేజీ తిప్పితే జిప్పులాయనది కూడా ఉంటుంది. జిప్పులాయన బావమరిది సంతకం మీద వేలు పెట్టి, ఆ తోక చివరిదాకా నడిపించాడు.

"నేను వెనక్కి తీసుకుంటాను. ఇది రాసింది నేనే" అన్నాను.

గుమాస్తా జాలిగా చూశాడు. "మీ ఒక్కరి సంతకం కొట్టేస్తే మిగతావి పోవు కదండీ. అర్జీ మొత్తం వెనక్కి రావాలంటే సంతకం పెట్టినవాళ్లందరూ వచ్చి రాసివ్వాలి. అందరినీ తీసుకురాగలరా?"

ఎవరినని తీసుకురాను. ఇద్దరం మెట్లు దిగి బయటికొచ్చాం. దారిలో ఆయన నన్ను తిట్టినా బావుండేది. నాలుగు చీవాట్లు పెట్టి, నీవల్లేరా ఇదంతా అంటే నా బరువు కాస్త దిగేది. ఆ మొహమాటస్తుడు ఆ మేలు కూడా చేయలేదు.

నెలన్నరకి చట్టం ఎత్తేశారు. హెల్మెట్ ఇక ఎవరి ఇష్టం వాళ్లది.

ఆ మధ్యాహ్నం మా షాపు ముందు ఇరవై మంది పోగయ్యారు. మందుల షాపతను, బ్యాంకు గుమాస్తాలు, మంగలి, ఇంకా నేనెరగని వాళ్లు. నా చేతిలో పూలగుత్తి పెట్టారు. మిఠాయి పంచారు. ఒక్కడు తలచుకుంటే ప్రభుత్వం దిగొచ్చిందని ఒకాయన ఉపన్యాసం లాంటిది కూడా ఇచ్చాడు. నేను పూలగుత్తి పట్టుకుని నిలబడ్డాను. వద్దని చెప్పాలి. చెప్పాలని నోరు తెరిచాను కూడా. ఒకడు అందులో మిఠాయి పెట్టాడు. మెట్ల కింద మిషను ఆడుతూనే ఉంది. ఎవరో ఆయనకీ ఒక ముక్క తీసుకెళ్లి ఇచ్చారు. ఆయన కాదనలేదు. మిషను మీద ఒక పక్కన పెట్టుకున్నాడు. చీమలు పట్టేదాకా అది అక్కడే ఉంది.

అందరూ వెళ్లాక పూలగుత్తిని బల్ల కింద తోసి, కుర్చీలో కూలబడ్డాను. అప్పుడొచ్చాడాయన, తల వంచుకుని బయటికొచ్చే అలవాటులో అలాగే వంచుకుని.

"బాబాయ్, మీదొక్కటీ ఇవ్వండి."

నాకు అర్థమైంది. అందరివీ తెమ్మని రెండొందల కాగితాలు తీసిచ్చిన నేను, నా హెల్మెట్ మాత్రం మార్పించుకోలేదు. రేపు, రేపు అంటూ వచ్చాను. వేళ్ల నొప్పి ఒక సాకు. అసలు సంగతి, ఆ మొదటి పట్టీని ఆయన చేతిలో పెట్టాలంటే ఆయన మొహం చూడాలి.

"ఇప్పుడెందుకు అబ్బాయ్, చట్టమే పోయింది కదా" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు.

ఆయన చెయ్యి చాచి అలాగే నిలబడ్డాడు. బండికి వేలాడుతున్న హెల్మెట్ తెచ్చిచ్చాను. బ్లేడుతో తన కుట్లు తనే ఒక్కొక్కటీ తెంచాడు. ఏనుగుకీ తెగని దారం కదా, చాలాసేపు పట్టింది. పాత బ్యాగు బకిల్ ఒకటి వెతికి, రెండు వరసలు కాదు, నాలుగు వరసలు కుట్టాడు. తరవాత నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, హెల్మెట్ నెత్తిన పెట్టి, గడ్డం కింద తనే బిగించాడు. బడికెళ్లే పిల్లాడికి తల్లి బొత్తాలు పెట్టినట్టు పెట్టాడు. పెట్టి, రెండు చేతులతో హెల్మెట్ పట్టుకుని పైకి లాగాడు. నా మెడ సాగింది. ఇంకోసారి లాగాడు. మూడోసారీ లాగాడు. పట్టుకుని వదల్లేదు. మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది, కళ్లు మాత్రం పట్టీ మీదే ఉన్నాయి.

"ఇది ఆగుతుంది బాబాయ్" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. అరవై ఏళ్లవాణ్ణి, వీధిలో స్టూలు మీద, హెల్మెట్‌తో కూర్చుని ఏడ్చాను. ఆయన పక్కకి తిరిగి సూదులు సర్దుకున్నాడు.

అయిదున్నరకి షాపు మూసి బయల్దేరాను. రోడ్డు నిండా బండ్లు, ఒక్క నెత్తినా ఏమీ లేదు. జనం జుట్టు గాలికి ఎగురుతుంటే హాయిగా పోతున్నారు. సిగ్నలు దగ్గర ఒక కుర్రాడు నన్ను చూసి, "తాతకి ఇంకా కబురందినట్టు లేదు" అన్నాడు పక్కవాడితో. కూడలిలో కానిస్టేబులమ్మ నా వైపు చూసింది, మళ్లీ అటు తిరిగింది.

కూడలి దాటాక నా ముందు ఒక బండి వెళ్తోంది. మొగుడు నడుపుతున్నాడు, పెళ్లాం వెనక ఒకవైపుగా కూర్చుంది. ఆవిడ ఒళ్లో హెల్మెట్ బోర్లా కాదు, వెల్లకిలా ఉంది. దాన్నిండా కూరగాయలు. పక్కనుంచి పట్టీ వేలాడుతోంది, గాలికి ఊగుతోంది. సాయంత్రపు ఎండ పడి దాని చివర చిలకాకుపచ్చ కుట్టు మెరిసింది.

హారను కొట్టాను. ఆగితే ఏం చెప్పాలో నాకే తెలియదు. అందులో కూరలు తీసి నెత్తిన పెట్టుకో అనాలా, పెట్టుకున్నా ఆ పట్టీ ఆగదు అనాలా. అయినా కొట్టాను, మళ్లీ కొట్టాను. అతను అద్దంలో చూశాడు. నేను నా గడ్డం చూపించాను. నోరు తెరిచి కేక వేయబోయాను గానీ, పట్టీ బిగువుకి దవడ సగమే తెరుచుకుంది, మాట నాకే వినపడలేదు. పాపం ముసలాయన, ఏం తొందరో అనుకున్నట్టున్నాడు. బండిని మర్యాదగా అంచుకి తీసి, వేగం తగ్గించి, మీరు వెళ్లండి అని చెయ్యి ఊపాడు. ఆవిడ కూడా కూరగాయలు జారకుండా పట్టుకుని నవ్వింది.

నా వెనక బస్సు హారను కొడుతోంది. నేను ముందుకి వెళ్లిపోయాను.